సలోమి తలలో దొరికిన మచ్చ

నన్ను చూడటానికొచ్చే కుర్ర డాక్టర్లు కూర్చున్న పది నిమిషాల్లోపే అడుగుతారు, మీరు చేసిన ఆపరేషన్లలో అన్నిటికన్నా పెద్దది ఏదని. నాకు ఒళ్లు మండుతుంది. పెద్దాపరేషన్ల సంగతి చెప్పడానికి మావాళ్లు చాలామందే ఉన్నారు. సన్మాన సభల్లో శాలువాలు కప్పించుకొని గంటలు గంటలు చెబుతారు. నేను చెప్పదలుచుకున్నది వేరు. ఏ జబ్బూ లేకుండా నడుచుకుంటూ వచ్చిన పిల్లల్ని మనం రోగుల్ని ఎట్లా చేస్తామో చెబుతాను. ఆ పని నేను కూడా చేశాను, అందుకే చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను.

నాది కడప. మెదడు సర్జన్‌గా బతుకంతా కర్నూలులోనే గడిచింది, దాతలు కట్టించిన ఒక ఆస్పత్రిలో. ఇప్పుడా ఆస్పత్రి లేదు కాబట్టి పేరుతో పని లేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా వైపు ఊళ్లకు సీటీ స్కాన్ మిషన్లు వరసబెట్టి వచ్చాయి. అంతకుముందు పిల్లవాడు మిద్దె మీదనుంచి పడితే కళ్లలోకి టార్చి వేసి చూసి, ఒక రోజు కనిపెట్టి, ఇంటికి పంపేవాళ్లం. మిషన్ వచ్చాక తలకు చింతగింజంత బొప్పి కట్టినా స్కానే. రక్తం గడ్డ కట్టిందేమోనని తీస్తే అది ఉండదు. దానికి బదులు ఇంకేదో మూలన చిన్న మచ్చ కనిపిస్తుంది. పిల్లకు తలనొప్పి లేదు, మూర్ఛ లేదు, చూపు బాగుంది, అన్నం తింటోంది. ఆ మచ్చ ఎన్నేళ్లనుంచి ఉందో ఎవరికీ తెలియదు, ఇంకో యాభై ఏళ్లు అట్లాగే ఉంటుందేమో అదీ తెలియదు. కానీ ఫిల్ము బయటికి వచ్చిన క్షణం నుంచి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

మా పెద్దసారు

మా విభాగానికి పెద్ద ఒకాయన ఉండేవాడు. చెయ్యి బంగారం. అంత శుభ్రంగా పుర్రె తెరిచే మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆయన జబ్బల్లా ఒకటే, తెరవకుండా ఉండలేడు. కనిపించింది కాబట్టి తియ్యాలి, అంతే. "లోపల పెట్టుకొని కూర్చోడానికి అదేమైనా నగనా?" అనేవాడు.

డోన్ నుంచి రైల్వే గ్యాంగులో పనిచేసే ఒకాయన కొడుకును తీసుకొచ్చాడు. ఎనిమిదేళ్లవాడు. మోపెడ్ తగిలి పడితే స్కాన్ తీశారు. దెబ్బ వల్ల ఏమీ కాలేదు గానీ, ఎడమవైపు బొటనవేలి గోరంత మచ్చ. చుట్టూ వాపు లేదు. నాకు చూడగానే అనిపించింది, దీన్ని మూడు నెలలు ఆగి మళ్లీ చూడొచ్చు కదా అని. పెద్దసారుతో ఆ మాట అనబోయి నోరు మూసుకున్నాను. అప్పటికి నేను ఆయన కింద చేరి ఎంతో కాలం కాలేదు, ఆయన ముఖం చిట్లిస్తే నాకు చెమట పట్టేది.

గురువారం ఆపరేషన్. పక్కన నిలబడి సాయం చేసింది నేనే. మచ్చ అంతా వచ్చేసింది. పెద్దసారు సంతోషంగా చేతులు కడుక్కున్నాడు. పిల్లవాడికి కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. తీసిన ముక్క పరీక్షకు పోయి, చాలా మెల్లగా పెరిగే రకమని, ప్రమాదకరమైనది కాదని కాగితం వచ్చింది. పెద్దసారు ఆ కాగితం చూసి, "మంచిదే గదా, ప్రమాదం లేదు," అని ఫైల్లో పెట్టించాడు.

వాళ్లమ్మ ఇంటికి పోయే రోజు నా ముందు నిలబడి ఒక్క మాటే అనింది. "నడుచుకుంటా వచ్చినోడు సార్ మావాడు. బస్సులో పాటలు పాడుకుంటా వచ్చినాడు."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తప్పు పెద్దసారుదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. సగం నాది. తెలిసీ నోరు మెదపనివాడికి సగం వాటా ఉంటుంది. కుర్ర డాక్టర్లకు చెబుతున్నాను, పై డాక్టరు చెయ్యి ఎంత బంగారమైనా సరే, అనుమానం వస్తే అప్పుడే అడగండి. తిడితే తిట్టించుకోండి. తిట్లతో ఎవరి చెయ్యీ పడిపోదు.

కోడుమూరు పిల్ల

ఆ తర్వాత రెండేళ్లకు కోడుమూరు దగ్గర పల్లెనుంచి సలోమి వచ్చింది. తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. తండ్రి యేసోబుకు మూడెకరాల మెట్ట, వాన పడితే ఆముదమో కందో వేస్తాడు, లేకపోతే కూలికి పోతాడు. తల్లి మార్తమ్మ. ఇద్దరూ ఆదివారం చర్చికి తప్పేవాళ్లు కాదు. పిల్ల బడిలో పరుగుపందెంలో అందరికన్నా ముందు ఉరికి, ఆగలేక పోయి మెట్టు బండకు తల కొట్టుకుంది. స్కాన్ తీశారు. వెనకవైపు, మనిషి తూలకుండా నిలబెట్టే చిన్నమెదడు అంచున, శనగగింజంత మచ్చ.

ఈసారి పెద్దసారు సెలవులో ఉన్నాడు. నా అదృష్టం అనుకున్నాను. ఆపరేషన్ అక్కరలేదని, మూడు నెలలకు ఒకసారి, ఆపైన ఆరు నెలలకు ఒకసారి స్కాన్ తీసి చూద్దామని చెప్పాను. పెరగకపోతే దాని జోలికి పోవద్దని చెప్పాను. యేసోబు చేతులు జోడించాడు. లేచేటప్పుడు, మనమందరం రోజుకు యాభైసార్లు అనే మాట నేనూ అన్నాను, జాగ్రత్తగా చూసుకోండి అని.

మూడు నెలలకు వచ్చారు. మచ్చ అంతే ఉంది. ఆరు నెలలకు వచ్చారు. అంతే ఉంది. కూలికి పోవాల్సిన రోజు వదులుకొని, ఫిల్ముల కవరు ఎండ తగలకుండా టవల్లో చుట్టుకొని, చెప్పిన వారం చెప్పినట్టు వచ్చేవాడు యేసోబు. అంత నమ్మకంగా తిరిగి వచ్చే మనుషులు అరుదు. నేను మురిసిపోయేవాణ్ణి. పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ లైటుపెట్టె మీద పక్కపక్కన పెట్టి, స్కేలు పట్టి కొలిచి, "అంతే ఉందప్పా, భయం లేదు, జాగ్రత్తగా చూసుకోండి," అని పంపేవాణ్ణి. అదే కదా మా పద్ధతి. లైటుపెట్టె గోడకు ఉంటుంది. రోగి బల్ల దగ్గర ఉంటాడు. అంటే ఫిల్ము చూసేటప్పుడు నా వీపు పిల్లవైపు ఉండేది. మూడేళ్లలో ఏడుసార్లు వచ్చారు. ఏడుసార్లూ మచ్చనే కొలిచాను.

కరెంటు పోయిన రోజు

ఎనిమిదోసారి వచ్చినప్పుడు కరెంటు పోయింది. జనరేటర్ మరమ్మతులో ఉంది. లైటుపెట్టె వెలగదు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు, పిల్లవైపు తిరిగి మాట కలిపాను.

"ఏం చదువుతాండావు పాపా?"

సలోమి తండ్రివైపు చూసింది. యేసోబే చెప్పాడు. "చదువు యాడిది సార్. ఇంటికాడే ఉండాది."

పన్నెండేళ్ల పిల్ల. తలకు మఫ్లర్ చుట్టి ఉంది, బయట ఎండ మండిపోతోంది. నాకు ఏదో తేడాగా అనిపించి, లేచి గోడదాకా నడువమన్నాను. లేచింది. ఒక చెయ్యి గోడకు పట్టింది, ఇంకో చెయ్యి తండ్రి పట్టుకున్నాడు. కాళ్లు ఎడంగా వేస్తూ, అడుగు అడుగుకూ ఆగుతూ నడిచింది. చిన్నమెదడు దెబ్బతింటే సరిగ్గా అట్లాగే నడుస్తారు.

కరెంటు వచ్చింది. ఫిల్ము పెట్టాను. మచ్చ శనగగింజంతే. అయినా నమ్మకం కుదరలేదు, తల వెనకభాగం సీటీలో అంత స్పష్టంగా కనపడదు. వార్డులో చేర్చి ఎమ్మారైకి రాశాను. అప్పటికి ఆ మిషన్ కూడా ఊళ్లోకి వచ్చింది.

సంగతి పెద్దసారుకు చేరింది. వార్డుకొచ్చి పిల్లను రెండడుగులు నడిపించి చూశాడు. "మూడేళ్లు మేపినావు కదయ్యా ఆ మచ్చను. నడక పోయింది. గురువారం పెట్టు," అన్నాడు. సిస్టర్ లిస్టులో పేరు రాసుకుంది. ఆయన చెప్పింది నిజమేనేమోనని భయపడ్డాను. మూడేళ్ల కింద తీసేసి ఉంటే ఈ పిల్ల బాగుండేదేమో అని కూడా అనిపించింది.

మర్నాడు ఎమ్మారై వచ్చింది. మచ్చ వెంట్రుకవాసి కూడా పెరగలేదు. మరి నడక ఎందుకు పోయింది? పక్క మంచం మీద కూర్చొని మార్తమ్మను అడిగాను, పొద్దున లేచినప్పటినుంచి పిల్ల ఏం చేస్తుందో ఒక్కటీ వదలకుండా చెప్పమని.

ఆమె గొప్పగానే చెప్పింది. ఒక మంచి తల్లి చెప్పుకోవాల్సినట్టే చెప్పింది. "ఏమీ చెయ్యనీము సార్. మంచం దిగనీము. ఎండకు పోనీము. బిందె ముట్టనీము. రాత్రి మా ఇద్దరి నడుమ పండబెట్టుకుంటాము. చర్చిలో పాటలు గెట్టిగా పాడితే నరాలు అదురుతాయని దాన్ని వద్దంటిమి. దొడ్డికి పోవాలన్నా వాళ్ల నాయన చెయ్యి పట్టుకొని తీసకపోతాడు. శానా భద్రంగా చూసుకుంటాండాము."

"ఎవరు చెప్పినారమ్మా ఇట్లా చెయ్యమని?"

యేసోబు మంచం అవతలనుంచి అన్నాడు. అందులో నిష్ఠూరం ఏమీ లేదు, పాఠం ఒప్పజెప్పినట్టు అన్నాడు. "మీరే గద సార్. వచ్చినప్పుడల్లా జాగ్రత్తగా చూసుకోమన్నారు."

నాకు తల కొట్టేసినట్టయింది. దేనికి జాగ్రత్త, ఏం చేస్తే మంచిది, ఏం కనపడితే పరుగెత్తుకు రావాలి, ఇవేవీ నేను చెప్పలేదు. చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టదు. మూడేళ్లలో నాకు ఆ ఐదు నిమిషాలు దొరకలేదు, స్కేలు పట్టి కొలవడానికి మాత్రం దొరికాయి. వాళ్ల అమాయకత్వమని తప్పుకోవడం చాలా సులువు. మా సభల్లో డాక్టర్లు అదే చేస్తారు, పల్లెటూరివాళ్లకు చెప్పినా అర్థం కాదని నవ్వుకుంటారు. చెప్పి చూశారా ఎప్పుడైనా? యేసోబు నేను అన్న ప్రతి మాటా పాటించాడు. నేను అన్నదే తక్కువ.

బండల మీద గీత

అనుమానం తీర్చుకోడానికి ఒక పని చేశాను. యేసోబును, మార్తమ్మను టీ తాగి రమ్మని కిందికి పంపాను. వాళ్లు మెట్లు దిగిపోయాక సలోమిని వరండాలోకి తీసుకొచ్చాను. నేల నాపరాళ్లు. రెండు బండలు కలిసేచోట సన్నటి గీత పొడుగునా ఉంటుంది. ఆ గీత మీద మడమకు బొటనవేలు తగిలించి నడువమన్నాను. చిన్నమెదడులో ఏ కొంచెం లోపం ఉన్నా ఎవరూ అట్లా నాలుగడుగులు వెయ్యలేరు, తూలిపోతారు.

"నాయన తిడతాడు సార్," అంది.

"మీ నాయన ఈడ లేడు."

మెట్లవైపు ఒకసారి చూసింది. గోడను వదిలింది. మొదట మోకాళ్లు వణికాయి, బలం లేక. తర్వాత వరండా ఆ చివరదాకా నడిచింది, అక్కడ తిరిగి మళ్లీ ఈ చివరకు వచ్చింది. ఒక్క అడుగు గీత తప్పలేదు. వేలితో ముక్కు ముట్టించాను, వేళ్లు తిప్పించాను, కళ్లు మూయించి నిలబెట్టాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ పిల్లకు ఏ జబ్బూ లేదు. మూడేళ్లు మంచం మీద కూర్చోబెడితే మీ కాళ్లయినా నా కాళ్లయినా అట్లాగే అవుతాయి.

పెద్దసారు గదికి పోయాను. గురువారం లిస్టులోనుంచి పేరు తీసెయ్యాలన్నాను.

"నేనే కదయ్యా నడిపించి చూసింది?"

"తండ్రి చెయ్యి పట్టుకోనుండంగా చూసినారు సార్. ఒక్కసారి వరండాలోకి రండి."

"రాకపోతే?"

"డోన్ పిల్లోడి ఆపరేషన్‌కు పక్కన నిలబడినా సార్ నేను. దీనికి నిలబడను. మిమ్మల్నీ నిలబడనియ్యను." ఆ మాట అన్నది నేనేనా అని నాకే ఆశ్చర్యం వేసింది. గొంతు కూడా పైకి లేచింది, బయట సిస్టర్లు విన్నారు.

ఆయన కుర్చీ వెనక్కి తోశాడు. లేచి వచ్చాడు. సలోమి గీత మీద ఇంకోసారి నడిచింది. పెద్దసారు జేబులోని పెన్ను తీసి లిస్టులో పేరు కొట్టేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏడాదిపాటు నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. ఆ మౌనం నాకు ఏమీ బరువనిపించలేదు.

యేసోబును కూర్చోబెట్టి చెప్పాను. పొద్దున లేస్తూనే తలనొప్పి, వాంతులు, అదీ రోజూ అయితే రా. మెల్లకన్ను పడితే రా. మూర్ఛ వస్తే రా. ఒకే పక్కకు తూలుతూ ఉంటే రా. ఇవి నాలుగే. మిగిలినవన్నీ చెయ్యనీ. మచ్చ పెరిగితే అప్పుడు ఆపరేషన్ మాట, పెరిగినవాళ్లకు చేశాం, బాగయ్యారు కూడా. వేళకు స్కాన్‌కు వచ్చేది అందుకేనని చెప్పాను.

అతనికి నమ్మకం కుదరలేదు. "బిందె మొయ్యొచ్చునా?"

"మొయ్యనీప్పా."

"ఎండలో?"

"తిరగనీ."

"చర్చిలో పాట?"

"గొంతు చించుకొని పాడనీ."

"బడికి?"

"రేపే పంపు."

యేసోబు తల దించుకున్నాడు. "మేము మొదట్లోనే పంపితిమి సార్. హెడ్మాస్టరే రానియ్యలేదు."

హెడ్మాస్టరు

వాళ్లు ఇంటికి పోయిన వారానికి నేను బస్సెక్కి కోడుమూరు పోయి, అక్కడినుంచి ఆటోలో ఆ పల్లెకు పోయాను. డాక్టరు చీటీ పంపితే సరిపోతుందని మావాళ్లన్నారు. చీటీలతో నాకు విసుగు పుట్టింది అప్పటికే.

హెడ్మాస్టరు చెడ్డవాడేమీ కాదు, పిరికివాడు. కుర్చీ వేశాడు, సోడా తెప్పించాడు. మూడేళ్ల కిందటి రిజిస్టరు తీసి చూపించాడు. సలోమి పేరు మీద ఎర్రసిరాతో అడ్డగీత, పక్కన "తలలో గడ్డ" అని రాసి ఉంది. మిగతా పిల్లల పేర్ల పక్కన హాజరు టిక్కులు, ఈ పిల్ల పేరు పక్కన జబ్బు పేరు.

"మా బళ్లోనే పడింది సార్ ఆ పాప. మళ్లీ ఈడనే పడిందనుకో, ఊరంతా నా మీదికొస్తారు. రేపు ఏమన్నా అయితే ఎవరు బాధ్యులు?"

నాకు కోపం ఆగలేదు. "పన్నెండేండ్ల పిల్ల, మూడేండ్లుగా బడి మొగం చూడలేదు. దానికి బాధ్యులెవరయ్యా? అది ఏ రిజిస్టరులో రాసినావు?" అన్నాను. అది అతనితో అంటున్నానో, నాతో అనుకుంటున్నానో తెలియలేదు. కాగితం తీసుకొని, ఈ పిల్ల ఆడొచ్చు, ఉరకొచ్చు, ఏమైనా అయితే బాధ్యత నాది అని రాసి సంతకం పెట్టి బల్ల మీద పడేశాను. అతను చదువుకొని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాలుగో తరగతిలో మళ్లీ పేరు రాశాడు. గేటు దగ్గర కాచుకొని ఉన్న యేసోబు సలోమిని లోపలికి పంపాడు. తన భుజం దాకా కూడా రాని పిల్లల మధ్య ఆ పిల్ల వంగి కూర్చుంది.

ఆ మచ్చ నేను రిటైరయ్యేనాటికి కూడా శనగగింజంతే ఉంది. సలోమి ఏడో తరగతి వరకు చదివి మానేసింది. చిన్నపిల్లల మధ్య కూర్చోడానికి సిగ్గయిందని యేసోబు చెప్పాడు. మచ్చ వల్ల ఆ పిల్లకు ఒక్క పూట కూడా నష్టం జరగలేదు. జరిగిన నష్టమంతా మేము చేసిందే.

ఆ రోజు బడినుంచి నేను బయటికి వస్తుంటే ఇంటర్వెల్ గంట కొట్టారు. పిల్లలందరూ మైదానంలోకి ఉరికారు. సలోమి మెట్ల మీదే నిలబడింది. మఫ్లర్ తీసి చేతిలో పట్టుకుంది. యేసోబు గేటు దగ్గర అటువైపు తిరిగి నిలబడ్డాడు, చూస్తే ఆపుతానేమోనని కాబోలు.

"పో తల్లీ, ఉరుకు," అన్నాను.

ఉరకలేదు. నన్ను అడిగింది. "సార్, ఈ మూడేండ్లు నేను ఉరికింటే ఏమయ్యేది?"

అబద్ధం చెప్పొచ్చు. అప్పుడు తెలియదమ్మా, ఇప్పుడు తెలిసింది అనొచ్చు. అట్లా అని తప్పించుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

"ఏమీ అయ్యేది కాదు," అన్నాను.

ఆ పిల్ల నా ముఖంలోకి సూటిగా చూసింది. పెద్దవాళ్లు ఎవరూ నన్ను అట్లా చూడలేదు, డోన్ తల్లి కూడా చూడలేదు.

"అయితే ముందే చెప్పొచ్చు గద సార్," అంది.